సినిమా మరదలికి తొలిభిక్ష

అమ్మ ఫోన్ చేసి, "పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది. నేను మార్కాపురంలో మా బడి స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుకుంటూ ఉన్నాను. చుట్టూ టీచర్లు. లేచి వరండాలోకి వచ్చి, ఎవరూ లేరు చెప్పమన్నాను. "గురువారం సెలవు పెట్టి రామ్మా. తొలిభిక్ష మనింట్లోనంట. సామి నాకే చెప్పినాడు," అంది. ముందు నాకు బుర్రకెక్కలేదు. ఎక్కాక ఆ వరండాలోనే ఎగిరి గంతేశాను. ఎదురుగా కబడ్డీ ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపేసి నన్నే చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

సంగతేమిటో చెప్పకపోతే నా గంతు మీకు అర్థం కాదు. గిద్దలూరు దాటి నల్లమల వైపు కాస్త దూరం పోతే కొండ మొదట్లో ఒక ఆశ్రమం ఉంది. ఆశ్రమం అనగానే గోపురాలూ పాలరాతి మందిరాలూ ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఆవుల కొట్టం, ఒక బోరు, కూర్చోవడానికి అరుగు. అక్కడ ఉండే ముసలి గురువుగారిని మేమంతా సామి అంటాం. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడే మా అమ్మ ఆయన దగ్గర ఉపదేశం తీసుకుంది. అప్పట్నుంచి ప్రతి గురువారం పోయి కసువు ఊడ్చి, వంటలో ఓ చెయ్యి వేసి వస్తుంది.

అలాంటి ఆశ్రమానికి ఒక సినిమా హీరోయిన్ రావడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆమె బొమ్మ లేని మంగలి షాపు మా వైపు ఎక్కడా ఉండేది కాదు. ఇప్పుడు తల్లి వేషాలు వేస్తోంది. వచ్చినప్పుడల్లా కారు రోడ్డు మీదే వదిలేసి, చెప్పులు చేతబట్టుకుని నడిచి, కొట్టంలో పేడ ఎత్తి, సామి ఎదురుగా నేల మీద కూర్చుని పోయేది. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాం అందరం. ఎండాకాలంలోనూ వచ్చింది, వానాకాలంలో ఆ బురదలోనూ వచ్చింది. చివరికి ఆ మాఘమాసంలో ఆమెకు ఉపదేశం ఇవ్వడానికి సామి ఒప్పుకున్నాడు.

ఇక మా నాయన. ఆయనకు బస్టాండు పక్కన మోటారుసైకిళ్ల మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డు గోడకు దేవుడి పటాల సరసన ఆమె పోస్టరు ఉంటుంది, లామినేషన్ చేయించి మరీ. హీరోలకు వీరాభిమానులుంటారు గానీ, ఒక హీరోయిన్ సినిమా విడుదలకు కటౌట్ కట్టి దండ వేసిన మనిషిని నేను మా నాయననొక్కణ్నే చూశాను. నేను పుట్టిన పూట ఆయన మార్కాపురంలో ఆమె సినిమా మ్యాట్నీలో ఉన్నాడు. ఒకసారి పని మానుకుని హైదరాబాదు పోయి ఆమె ఇంటి గేటు ముందు పొద్దుగూకేదాకా నిలబడి, కారు నల్ల అద్దం మాత్రం చూసి తిరిగొచ్చాడు. ఆ అద్దం గురించి ఇప్పటికీ గొప్పగా చెప్తాడు.

అమ్మకు ఆమె పేరెత్తితే ఒళ్లు మంట. మ్యాట్నీ సంగతి ఏ ఆడమనిషి మరిచిపోతుంది? టీవీలో ఆమె పాట వస్తే చానల్ మార్చేది. "ఆ రంగుల మొగం" అనేదే తప్ప పేరు పలకగా నేను వినలేదు. అలాంటిది ఒకరోజు ఆశ్రమంలో బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆ రంగుల మొగం ఏ రంగూ లేకుండా వచ్చి, పక్కన కూర్చుని తనూ ఒక చేట ముందుకు లాక్కుందట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ, "రాళ్లు బాగానే ఏరుతాది," అని మాత్రం అంది.

ఆశ్రమంలో వరస వయసును బట్టి ఉండదు. ముందు ఉపదేశం తీసుకున్నవాళ్లు అక్కలూ అన్నలూ, తర్వాత తీసుకున్నవాళ్లు చెల్లెళ్లూ తమ్ముళ్లూ. అంటే ఆ హీరోయిన్ ఉపదేశం తీసుకున్న నిమిషం నుంచీ మా అమ్మకు చెల్లెలు. మా అమ్మకు చెల్లెలైతే మా నాయనకు ఏమవుతుంది? ఆ లెక్క గిద్దలూరులో అందరికంటే ముందు మా నాయన షెడ్డు పక్క టీకొట్టులో తేలింది. "ఏంది బావా, మీ మరదలు ఈ తూరి ఎప్పుడొస్తాది?" "మరదలికి చీర పెట్టాల గదా మామా, కొనుక్కొచ్చినావా?" అని రోజూ ఒకటే ఆటపట్టించడం. మా నాయన పైకి కసురుకునేవాడు గానీ, లోపల ఆయన కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఇప్పుడు తొలిభిక్ష. ఉపదేశం తీసుకున్న మర్నాడు మధ్యాహ్నం కొత్త శిష్యులు ఒక పాత శిష్యుల ఇంటికి, చెప్పుల్లేకుండా నడిచిపోయి భిక్ష తీసుకోవాలి. గుమ్మం ముందు నిలబడాలి. పిలవకూడదు, అడగకూడదు. ఆవును పితికేంతసేపు ఆగాలి. ఇంట్లోని శిష్యులు తమ చేత్తో, ఆ రోజు తాము తినడానికి వండుకున్నదే తెచ్చి పెట్టాలి. వాళ్లు కూడా ఒక్క మాట మాట్లాడకూడదు. గుమ్మం దగ్గర జనం మూగి ఉంటే మాత్రం ఆగకుండా వెనక్కి పోవాలి. అలా పోతే ఆ రోజంతా వాళ్లకు పస్తు. ఆ ఇంటికి మళ్లీ ఎప్పటికీ తొలిభిక్ష రాదు. పేరూ మొహమూ పక్కన పెట్టి ఉత్త ఆకలితో నిలబడడం నేర్చుకోవాలంటాడు సామి.

అమ్మ కళ్లముందే ఎంతమంది ఇళ్లకో ఆ భాగ్యం పట్టింది. మా ఇంటికి మాత్రం ఎప్పుడూ రాలేదు. అమ్మ అడిగే మనిషి కూడా కాదు. పెళ్లిళ్లకు పోయినా పేరంటాలకు పోయినా అమ్మను వెతకాలంటే వంటశాల వెనక వెతకాలి. ముందు వరసలో కూర్చోబెట్టి ఆమెకు ఎవరూ ఏదీ ఇచ్చింది లేదు. అందుకే ఆ ఫోన్లోనే, "ఇది తప్పిపోతే నేను మళ్ల సామి మొగం చూడలేనమ్మా," అంది.

"నాయనకు చెప్పినావా?" అని అడిగాను.

"చెప్పకుండా ఎట్ల? ఆ యమ్మ గుమ్మంలో కనపడితే గుండె ఆగి చస్తాడు. చెప్పి, నోరు తెరిస్తే నేను పుట్టింటికి పోతానని కూడా చెప్పినా."

నా భయమంతా అక్కడే. మా నాయన మనసులో మాట నాలుక దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు. ఈ మాట గానీ బయటపడిందా, సెల్‌ఫోన్లు ఎత్తుకుని గిద్దలూరు గిద్దలూరంతా మా గుమ్మంలో ఉంటుంది. కంభం నుంచి, కనిగిరి నుంచి కూడా బండ్లు కట్టుకుని వస్తారు. అమ్మ భిక్ష అక్కడితో సరి. నేను రోజూ మా చెల్లెలికి ఫోన్ చేసి, నాయన ఏం చేస్తున్నాడని ఆరా తీసేదాన్ని. చెల్లెలు బీఎడ్ చేసి, టీచరు పోస్టు పరీక్షకు ఇంట్లోనే చదువుకుంటోంది. "చాలా బుద్ధిగా ఉన్నాడక్కా, టీకొట్టుకు కూడా పోవడం లేదు," అనేది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

బుధవారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయేసరికి, ఇది మా ఇల్లేనా అని ఆగిపోయాను. ముందుగోడకు కొత్త సున్నం. గేటుకు పచ్చరంగు. సందులో గుంతలన్నీ కంకరతో పూడ్చి ఉన్నాయి. అరుగు మీద మా నాయన కూర్చుని ఉన్నాడు, తల నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏంది నాయనా ఇదంతా?"

"ఏముంది, గోడకు సున్నం కొట్టిచ్చుకోకూడదా మనిషి?"

"గోడకైతే సరే. నెత్తికి కూడా కొట్టిచ్చుకున్నావే."

లోపల చెల్లెలు కిసుక్కున నవ్వింది. నాయన తల తడుముకున్నాడు. "నా నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాలే. అది చూడు ముందు. శుభకార్యమా అన్నా అని సందులో వాళ్లంతా అడిగినారు. అవుననలే, కాదనలే. నవ్వి ఊరుకున్నా," అన్నాడు. ఎంత గొప్పగా చెప్పాడో. నేను కూడా శభాష్ నాయనా అన్నాను. ఆ నవ్వే మా కొంప ముంచబోతోందని మాకేం తెలుసు?

గురువారం తెల్లవారేసరికి ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. చెల్లెలు చదువు పక్కన పడేసి గుమ్మానికి ముగ్గు వేసింది. నేను ఊడ్చిన అరుగే మళ్లీ మళ్లీ ఊడ్చాను. నాయన కొత్త చొక్కా తొడుక్కుని వంటింటి గడప దగ్గర నిలబడి, భక్ష్యాలన్నా చెయ్యవే అని అమ్మను ఒకటే బతిమాలుతున్నాడు.

"సామి ఏం చెప్పినాడు? మనం తినేదే పెట్టాల. కొర్రన్నం, గోంగూర పప్పు, మజ్జిగ. అంతే," అంది అమ్మ.

"ఆ మహాతల్లికి కొర్రన్నం పెడతావంటే?"

"ఆ మహాతల్లి భిక్షకు వస్తావుంది. నీ ఇంటికి విందుకు కాదు. పో, అడ్డం లే."

నాయన అడ్డం లేచాడు గానీ, కిటికీలోంచి కుండ వైపు చూస్తూనే ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అట్లాగే ఉంది. ఎప్పుడో చిన్నప్పుడు ఆమె నవ్వు అద్దంలో చూసుకుంటూ నేర్చుకోబోయి అమ్మ చేత మొట్టికాయ తిన్నదాన్ని. ఆమె మా గుమ్మంలోకి వచ్చి గిన్నె పట్టుకుని నిలబడుతుందంటే, నేనూ ఊరూరికే సందులోకి తొంగిచూస్తున్నాను.

పొద్దు బాగా ఎక్కింది. సందు మొదట్లో ఆటో ఆగిన చప్పుడైంది. అప్పుడే వచ్చేసిందా అని నేను కొంగూ, చెల్లెలు చున్నీ సర్దుకుంటూ గుమ్మంలోకి పరుగెత్తాం. ఆటోలోంచి దిగింది మా మేనత్త. కంభం నుంచి వచ్చింది. పట్టుచీర, మెడ నిండా బంగారం, చేతిలో పండ్ల బుట్ట. మొహం మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏరా, నీ చిన్నబిడ్డకు పెళ్లిచూపులైతే మేనత్తకు చెప్పేది లేదా? నేను పరాయిదాన్నైపోయినానా?" అంది గేటు దగ్గర్నుంచే నాయనతో. "నా కొడుకుండంగా బయటి సంబంధం చూస్తావా? చూస్తే చూసినావు, ఒక మాట చెప్పాలనిపించలేదా?"

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మా వైపు పెళ్లిచూపుల సంగతి ముందుగా ఎవరూ బయటపెట్టరు. దిష్టి తగులుతుందని, సంబంధం తప్పిపోతే నలుగురిలో నగుబాటని, అడిగినా నవ్వి ఊరుకుంటారు. మాఘమాసం, పెళ్లీడు పిల్ల, కొత్త సున్నం, తండ్రి తలకు రంగు. పైగా నోరాగని మనిషి నవ్వి ఊరుకోవడం. సందులో ఆడవాళ్లకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఎదురింటావిడ కూతురు కాపురం కంభంలోనే. ఆ కబురు మా మేనత్త చెవిన పడింది. మేనత్త చెవిన పడ్డాక చుట్టాల్లో తెలియనిది ఎవరికి?

మేనత్త వెనక ఇంకో ఆటో. అందులో పొదిలి నుంచి మా చిన్నాయన, పిన్నమ్మ, వాళ్ల పిల్లలు. తర్వాత పెద్దమ్మ వరస వాళ్లు. అలిగినవాళ్లు అలుగుతూనే లోపలికి వచ్చారు. ఎదురింటావిడ తన ఇంటి కుర్చీలన్నీ మోసుకొచ్చి మా అరుగు మీద వేసింది. సందులో ఆడవాళ్లు గోడవారగా చేరి, పెళ్లికొడుకు ఏం చదివినాడంట అని ఒకరినొకరు అడుక్కుంటున్నారు. చూస్తుండగా మా గుమ్మం నేల ఈనినట్టయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మేనత్త పోలికే. నేరుగా ఆమె ముందుకు పోయి, "అత్తా, పెళ్లిచూపుల్లేవు, ఏం లేవు. ఎవరో పనిలేక పుట్టించినారు. ఇంటికి పోండి," అన్నాను.

మేనత్త నా చెంప మీద మెత్తగా తట్టింది. "నేనేమన్నా నిన్న పుట్టినానా? చెప్పకూడదులే తల్లీ, నువ్వు చెప్పగాకు. మేమూ ఎవరికీ చెప్పంలే. పిల్లోడెవరో కళ్లారా చూసి పోతాం," అంది. కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

లేదంటే ఉన్నట్టు. ఉన్నది చెప్తే ఊరంతా వచ్చినట్టు. తల బద్దలు కొట్టుకోవాలనిపించింది. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఆశ్రమం నుంచి ఈపాటికి ఆమె బయల్దేరే ఉంటుంది.

వంటింట్లోకి పోయి చూస్తే అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. కొర్రన్నం దించింది, పప్పు దించింది. ఆశ్రమానికి పోయేటప్పుడు కట్టుకునే తెల్లచీర ఉతికి మడత పెట్టి కట్టుకుంది. బయట గోల వింటోంది. నన్ను చూసి, "ఇంక అయిపోయిందిలేమ్మా," అంది. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కుండ మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుంది. నాకు ఎక్కడలేని ఏడుపూ తన్నుకొచ్చింది. ఆ కిటికీ అవతల నాయన ఉన్నాడని నేను అప్పుడే చూశాను. ఆయన అమ్మనే చూస్తున్నాడు.

కొంచెంసేపటికి అరుగు మీద నాయన గొంతు వినిపించింది. "అక్కా, నీ దగ్గర దాచేదేముంది? పిల్లోని వాళ్లు రైలుకు వస్తావున్నారు. స్టేషన్‌లో దిగుతారు. మనం ఎదురుపోకుండా ఇంట్లో కూర్చుంటే ఏం మర్యాద?"

నేను నోరు వెళ్లబెట్టాను. మా నాయన అబద్ధం చెప్పడం, అది కూడా తడబడకుండా చెప్పడం, నేను అదే వినడం. మేనత్త మొహం మతాబాలా వెలిగింది. "అట్ల చెప్పురా ముందే. లేవండి, అందరూ లేవండి. పండ్ల బుట్ట ఇట్ల తే," అని కుర్చీలోంచి లేచింది. చిన్నాయన ఆటోలు పిలవడానికి పరుగెత్తాడు. పెళ్లికొడుకును ముందు ఎవరు చూస్తారా అని సందులో ఆడవాళ్లు సగంమంది కూడా బయల్దేరారు.

ఇంతలో మేనత్తకు ఇంకో ఆలోచన వచ్చింది. "మీరు పోండి. నేనుండి పిల్లకు జడేసి చీర కడతా," అంది. చెల్లెలు నా చెయ్యి గట్టిగా గిల్లింది. నేను మేనత్త భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు లేని ఎదురుకోలు కూడా ఒక ఎదురుకోలేనా అత్తా? ఇంటికి పెద్దదానివి, నువ్వే బొట్టు పెట్టాల," అన్నాను. ఆ మాటకు ఆమె పొంగిపోయింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని గబగబా పోయి ఆటోలో ముందుగా కూర్చుంది.

"నువ్వుండన్నా, ఇంటి దగ్గర పనులుంటాయి. మేం పోయి తీసుకొస్తాం," అన్నాడు చిన్నాయన.

ఎంత మంచి మాట అది. నాయన ఉండిపోవచ్చు. తలుపు సందులోంచైనా చూసుకోవచ్చు. నేను ఆశగా ఆయన వైపు చూశాను. ఆయన నన్ను పక్కకు లాగి, "నేను పోకపోతే ఎవరూ దిగలేదని రైలు పోంగానే తిరిగొస్తారు. నేనైతే తర్వాత బండికని చెప్పి పట్టి కూర్చోబెడతా," అన్నాడు గుసగుసగా. ఆయన కళ్లు మాత్రం నా మొహం మీద లేవు, ఆశ్రమం దారి మీద ఉన్నాయి. ఆ దారిలో ఇంకా ఎవరూ లేరు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు అంతా అర్థమైంది. "నువ్వుండయ్యా," అంది.

"పప్పులో ఉప్పు చూసుకో," అన్నాడు నాయన. పోయి ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

ఆటోలు సందు దాటగానే నేనూ చెల్లెలూ పని మీద విరుచుకుపడ్డాం. కుర్చీలన్నీ లోపలికి ఈడ్చాం. మిగిలిన ఆడవాళ్లను, పిల్ల తయారవ్వాలి, ఇంక లోపలికి పోతామని పంపేశాం. గేటు బార్లా తీశాం. ఊపిరి తీసుకుందామనుకునే లోపలే చెల్లెలు, "అక్కా," అంది.

వచ్చింది. తెల్ల నూలుచీర, నెత్తిన కొంగు, చేతిలో ఇత్తడి గిన్నె. దూరంగా వెనక ఆశ్రమం ముసలాయన ఒకడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకెవరూ లేరు. పాదాలకు ఎర్రమట్టి. ఎండకు మొహం కమిలిపోయింది. మా నాయన గుంతల్లో పోయించిన కంకర మీద ఆమె ఒక్కో అడుగూ ఓర్చుకుంటూ వేస్తుంటే, కొంప ముంచినావు కదా నాయనా, మట్టైనా పోయించలేకపోయినావా అని తిట్టుకున్నాను. గుమ్మం ముందుకు వచ్చి తల వంచుకుని నిలబడింది. వెండితెర మీద గోడంత మొహంతో కనపడిన మనిషి, నా ఎదురుగా, నా భుజం దాకా కూడా లేదు. ఒక్క కేక వెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెల్లెలు చున్నీ నోట్లో కుక్కుకుంది.

అమ్మ కుండ చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. కొర్రన్నం పెట్టింది. మధ్యలో గుంట చేసి పప్పు పోసింది. చెంబుతో మజ్జిగ వంచింది. ఆమె గిన్నెను జాగ్రత్తగా అరుగు మీద ఆనించి, వంగి మా అమ్మ రెండు పాదాలూ పట్టుకుని నుదురు ఆనించింది. ఏ సినిమాలోనూ ఆమె అంతసేపు ఎవరి కాళ్లూ పట్టుకోగా నేను చూడలేదు. అమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. నా కళ్లు మసకబారిపోయాయి. అయిపోయింది, దక్కింది, మా అమ్మకు దక్కింది అనుకున్నాను.

ఆమె లేచి గిన్నె ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

"మా ఆయన ఇంట్లో లేడమ్మా," అంది అమ్మ.

అమ్మా అని కొంగు పట్టి లాగాను. అమ్మ నా చెయ్యి విదిలించుకుంది.

"చుట్టాలను వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయినాడు. నీకు దారి అడ్డం లేకుండా చెయ్యాలనే పోయినాడు. నువ్వంటే ఆయనకు ప్రాణం. నా పెళ్లి కాకముందు నుంచీ అంతే. ఉంటే చూసుకునేవాడు."

ఆమె ఆగింది. తల ఎత్తి అమ్మ వైపు చూసింది. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. ఆ కళ్లు నేను ఎన్నోసార్లు చూసిన కళ్లే, కానీ వాటి చుట్టూ ఇన్ని ముడతలున్నాయని తెలియదు. అమ్మ స్టేషన్ ఉన్న దిక్కుకు చెయ్యి చూపించింది. ఆమె గిన్నెను ఎడమ మోచేతి ఒంపులో పెట్టుకుని, అటు తిరిగి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. తర్వాత వచ్చిన దారినే పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా అమ్మ అక్కడే నిలబడింది.

పొద్దువాలాక ఆటోలు తిరిగొచ్చాయి. మేనత్త దిగుతూనే లేని పెళ్లికొడుకు వంశాన్నంతా తిట్టిపోసింది. "రైలు దిగినోళ్లలో కళ్లజోడు పెట్టుకున్న ప్రతి పిల్లోణ్ని నిలబెట్టి అడిగినా. ఒకడు పోలీసులను పిలుస్తానన్నాడు," అని గుండె బాదుకుంది. నాయన చివరికి వాళ్లు రావడం లేదని ఫోన్ చేశారని చెప్పి గండం గడిపాడట. "పోనీలేరా, మనవాడే ఉండంగా వాళ్లెందుకు," అని మేనత్త చెల్లెలి గడ్డం పట్టుకుంది. చెల్లెలు నన్ను నమిలేసేలా చూసింది. అందరికీ ఉప్మా కలియబెట్టి పెట్టాం. ఉప్పు తక్కువైందని దాన్నీ తిట్టుకుంటూ తిని, ఎవరి దారిన వాళ్లు పోయారు.

అప్పుడు నాయన కాళ్లు కడుక్కుని వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. కొత్త చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. అమ్మ అదే కుండలోంచి అన్నం పెట్టింది. ఆయన కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"తీసుకుందా?"

"తీసుకుంది. నా కాళ్లకు మొక్కింది."

నాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఎట్లుంది?" అన్నాడు.

"బాగుంది. ఎండన పడి నడిచొచ్చింది గదా, కొంచెం అలిసిపోయింది." అమ్మ పప్పు వడ్డిస్తూ ఆగింది. "నీ సంగతి చెప్పినా. స్టేషన్ దిక్కుకు తిరిగి నీకు దండం పెట్టింది."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నమ్మలేనట్టు నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. ఆయన కళ్లలోంచి నీళ్లు బొటబొటా కంచంలో పడ్డాయి. తుడుచుకోను కూడా లేదు.

"మాట్లాడకూడదంటివి గదే," అన్నాడు.

"కూడదు."

"మరి సామికి తెలిస్తే?"

"రేపు పొద్దున పోయి నేనే చెప్తా."

"ఏమన్నా అంటాడేమోనే," అన్నాడు నాయన. నిజంగానే భయపడ్డాడు.

"అననీ," అంది అమ్మ.